దుప్పటి కింద కారు

“కారు ఎక్కడ దాచావు లోరిస్?”

లోరిస్ బెనాత్తి ముందు పెట్టిన కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. బేడీలు వేసిన చేతులు బల్ల మీద పెట్టుకుని, గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ బేడీల వైపు చూడలేక ఒర్నెల్లా గావియోలి చేతిలో ఉన్న కాగితాలను అటూ ఇటూ తిప్పింది. ఠాణా అధికారిణిగా ఆమె చాలామందికి బేడీలు వేసింది కానీ ఇలా ఎప్పుడూ వేయలేదు. నిన్న సాయంత్రం బార్‌లో, పేకాట బల్లల మధ్య, ఊరు ఊరంతా చూస్తుండగా వేసింది. కౌంటర్ వెనక లోరిస్ కూతురు కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కబురు పెడితే లోరిస్ తనంతట తనే ఠాణాకి వచ్చేవాడు. ఆ సంగతి ఒర్నెల్లాకి తెలుసు. కానీ మోదెనా నుంచి పెద్ద అధికారి బయల్దేరాడని ఫోన్ వచ్చింది, టీవీ వాళ్ళు చౌరస్తాలో కెమెరాలు దింపుతున్నారు. వాళ్ళందరికంటే ముందు దొంగను తనే పట్టుకున్నానని నలుగురూ చూడాలనిపించింది. ఆ ఆశ గుర్తొచ్చి పొద్దున అద్దం ముందు తల దువ్వుకోవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

“నీ ట్రక్కు చక్రాలకి అమిల్కారే గారి సందులోని మట్టి ఉంది.”

“హైవేకి అదే దారి.”

“శుక్రవారం తెల్లవారుజామున ఆయన ఒక ట్రక్కు చప్పుడు విన్నాడు.”

లోరిస్ మొదటిసారి తలెత్తాడు. “పెద్దాయన ఏమన్నాడు? నా ట్రక్కే అన్నాడా?”

“అవునన్నాడు.”

అతని మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఒర్నెల్లాకి కాస్త తేలిగ్గా ఉండేది.

“ఆయన అలా అంటే అలాగే రాసుకో,” అన్నాడు.

“అంటే తీశానంటావా, తియ్యలేదంటావా?”

“చెప్పానుగా. ఆయనేమంటే అదే.”

ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆమె దొంగలను చూసింది, దొంగలు కానివాళ్ళను చూసింది. దొంగైనవాడు కాదంటాడు, దొంగ కానివాడు గట్టిగా కాదంటాడు. ఇలా అవతలివాడి మాటను బట్టి నేరం ఒప్పుకునేవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

పోయింది మామూలు కారు కాదు. అర్దెంతి కంపెనీ మూతపడక ముందు తయారుచేసిన రెండే రెండు ఎర్ర పందెపు కార్లలో ఒకటి. మూతపడే రోజున జీతాలు ఇవ్వలేక, ఆ బళ్ళను పరీక్ష కోసం తోలి చూసే అమిల్కారే వక్కారికి కంపెనీ దాన్నే ఇచ్చేసింది. అప్పటి నుంచి అది అతని షెడ్డులో దుప్పటి కింద ఉంది. పోయిన శరదృతువులో రెండో కారు వేలానికి వచ్చి నాలుగు మిలియన్ల యూరోలకు అమ్ముడుపోయింది. ఆ రోజు నుంచి మిలాన్ నుంచి, మ్యూనిక్ నుంచి కోటు వేసుకున్న మనుషులు అమిల్కారే గుమ్మం ముందు క్యూ కట్టారు. ఎనభై దాటిన ముసలాయన అందరికీ ఒకే మాట చెప్పి పంపించేశాడు. “అమ్మను.” ఆ ఒక్క మాటకి ఊరు పొంగిపోయింది. రేపు ఆదివారం బ్యాండు మేళంతో చౌరస్తాలో దుప్పటి తీసి లోకానికి చూపించాలని మేయరు పట్టుబట్టాడు. నిన్న శుక్రవారం పొద్దున అమిల్కారే ఠాణాకి వచ్చి కారు పోయిందన్నాడు.

తలుపు తట్టకుండానే తెరుచుకుంది. మోదెనా నుంచి వచ్చిన కెప్టెన్ మలగోది లోపలికి వచ్చాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, చేతిలో దినపత్రిక. అందులో ఒర్నెల్లా బేడీలు వేస్తున్న ఫొటో ఉంది.

“ఇలా బయటికి రా,” అన్నాడు.

నడవాలోకి వెళ్ళగానే పత్రికతో అరచేతిలో కొట్టుకున్నాడు. “పట్టుకున్నావు, బాగుంది. ఒప్పించడం చేతకాదా? పన్నెండింటికి మేజిస్ట్రేట్ వస్తున్నాడు.”

“ఏదో తేడాగా ఉంది కెప్టెన్ గారూ.”

“తేడా ఏమీ లేదు. ఇదిగో, నీకు తెలియనిది నేను ఒక్క రాత్రిలో కనుక్కున్నాను. పోయిన శరదృతువులో నీ లోరిస్ పనులన్నీ మానుకుని ఆ వేలం కారును చూడటానికి వెళ్ళాడు. ఆ కారు చక్రం బోల్టు కూడా కొనలేనివాడు! డ్యాష్‌బోర్డు దగ్గర నిలబడి ఎంతకీ కదలకపోతే కాపలావాళ్ళు బయటికి పంపించారట. ఎందుకెళ్ళాడు? ధర చూసి కన్ను కుట్టింది. ఇలాంటిది మా ఊళ్ళోనే ఒకటుంది కదా అనుకున్నాడు. అంతే.”

“దానికి బీమా లేదు.”

“ఏమిటి?”

“నాలుగు మిలియన్ల బండికి అమిల్కారే గారు బీమా చేయించలేదు. ఎందుకు?”

మలగోది నవ్వాడు. “అందుకే ఆయన నిజం చెబుతున్నాడని నమ్ముతున్నాను. బీమా డబ్బు రానివాడు దొంగతనం కల్పించి ఏం బాగుపడతాడు?”

“బీమా చెయ్యాలంటే కంపెనీవాడు వస్తాడు. దుప్పటి ఎత్తి చూస్తాడు.”

“చూస్తే?”

మలగోది ఒర్నెల్లా భుజం మీద పత్రికతో చిన్నగా తట్టాడు. చిన్నపిల్లను తట్టినట్టు తట్టాడు.

“చూడు ఒర్నెల్లా, నీ కష్టం నాకు అర్థమవుతుంది. ఈ ఊళ్ళో అందరికీ చెల్లెలివి, అందరికీ కూతురివి. మరి పోలీసువు ఎప్పుడవుతావు?”

“మీరు ఈ ఊళ్ళో ఎవరికీ ఏమీ కారు. అందుకే మీకు ఎవరూ ఏమీ చెప్పరు,” అంది. జీపు తాళాలు తీసుకుంది. “నేను వచ్చేదాకా అతన్ని కదపొద్దు.”

“పన్నెండు దాకా,” అన్నాడు మలగోది వెనక నుంచి. “తర్వాత అతను నావాడు.”

*

షెడ్డు తలుపు తీసే ఉంది. నిన్న ఒర్నెల్లా గుమ్మం దగ్గరే నిలబడి ఖాళీ చోటు చూసి వెళ్ళిపోయింది. లోపలికి అడుగు పెట్టడానికి ఎందుకో మనసొప్పలేదు. తమ ఊరు కాస్తెల్‌వారాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కారు మీదైనా దుప్పటి కప్పి ఉంటే, సొంతదారు తనంతట తాను ఎత్తి చూపిస్తే తప్ప ఇంకెవరూ ఎత్తరు, ఎత్తమని అడగరు. పరాయివాళ్ళ పడకగదిలోకి తొంగి చూడటం ఎంత తప్పో అదీ అంతే తప్పు. అమిల్కారే దుప్పటి ముందు మగవాళ్ళు టోపీ తీసేవారు. బడికి వెళ్ళే వయసులో ఒర్నెల్లా ఒకసారి ఆ దుప్పటి కింది కారు ముక్కు మీద వేలు పెడితే వాళ్ళ నాన్న ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. గుడ్డ కింద నున్నటి వంపు ఒకటి తగిలింది. దాన్ని ముట్టుకున్నానని ఆమె బడంతా చాటుకుంది.

ఇప్పుడు ముట్టుకోవద్దనేవాళ్ళు లేరు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.

ఇటుకల నేల. పక్కనే పాత ట్రాక్టరు. దాని కింద నల్లటి నూనె మడుగు, ఏళ్ళ తరబడి కారి కారి ఇటుకల్లోకి ఇంకిపోయింది. కారు ఉన్న చోట ఒక్క చుక్క కూడా లేదు. ఆ కాలపు పందెపు కార్లు నూనె కార్చకుండా ఒక్క పూట నిలబడలేవని అక్కడి పిల్లలకి కూడా తెలుసు. నలభై ఏళ్ళు నిలబడిన కారు ఒక్క చుక్క కార్చలేదా?

చక్రాలు ఉండవలసిన చోట దుమ్ములో నాలుగు గుర్తులున్నాయి. టైరు గుర్తు పొడుగ్గా ఉంటుంది. ఇవి చిన్న చిన్న చదరాలు. కుర్చీ కాళ్ళో, బల్ల కాళ్ళో పెట్టినట్టున్నాయి.

దుప్పటి బల్ల మీద మడతపెట్టి ఉంది. దొంగ వచ్చి కారు తీసుకుపోతూ దుప్పటి మడతపెట్టి వెళ్ళాడట. నిన్నే తట్టవలసిన ఈ మాట ఇవాళ తట్టినందుకు ఒర్నెల్లా తనను తాను తిట్టుకుంది. దాన్ని విప్పి, బోర్లించి, నేల మీద పరిచింది.

లోపలి వైపంతా గీతలు. ఇటుక రంగు తుప్పు గీతలు. పొడుగ్గా కొన్ని, వాటికి అడ్డంగా కొన్ని, ముందు వైపు గుండ్రంగా వంపు తిరిగి కొన్ని. చేపల వల పరిచినట్టుంది. అర్దెంతి కారు ఒళ్ళంతా అల్యూమినియం రేకు. అల్యూమినియం తుప్పు పట్టదు. ఒకవేళ పట్టినా ఇలా గళ్ళు గళ్ళుగా పట్టదు.

ఒర్నెల్లా ఆ గళ్ళ మధ్య కూర్చుండిపోయింది. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఈ గళ్ళు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతకాలంలో రేకు కొట్టే పనివాళ్ళు కారు ఒంటిని కొట్టే ముందు ఇనుపతీగతో కారంత తీగల చట్రం ఒకటి అల్లి నాలుగు చెక్క కాళ్ళ మీద నిలబెట్టేవారు. సుత్తితో కొట్టిన రేకును దాని మీద పెట్టి వంపు సరిపోయిందో లేదో చూసుకునేవారు. దూరం నుంచి చూస్తే అదొక కారు నీడలా ఉంటుంది. దుప్పటి కప్పితే కారే అవుతుంది.

తను చిన్నప్పుడు ముట్టుకున్నది తీగ.

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. అంత తీగను ఒక ముసలాయన ఒక్కడే ఎక్కడికి మోసుకుపోగలడు? దూరం వెళ్ళక్కర్లేకపోయింది. పెరట్లో బఠాణీ పాదులున్నాయి. సగం పాదులకి వెదురు పుల్లలు ఆనుపు పెట్టి ఉన్నాయి. నులితీగలు వాటిని గట్టిగా చుట్టుకున్నాయి. మిగతా సగానికి తుప్పు పట్టిన తీగలు గుచ్చి ఉన్నాయి, వాటిని ఒక్క నులితీగ కూడా ఇంకా పట్టుకోలేదు. రెండు రోజులు కూడా కాలేదన్నమాట. చివరి వరసలో ఒక తీగ అందంగా, నెమ్మదిగా వంగి మళ్ళీ లేచింది. కారు ముందు చక్రం మీది రేకు వంపు అది. బఠాణీలకి ఆ వంపుతో ఏ అవసరమూ లేదు.

ఒర్నెల్లా ఆ తీగను మట్టిలోంచి పీకింది.

*

“కూర్చో అమ్మాయ్. మీ నాన్నలాగే నిలబడి ప్రాణం తీస్తావు,” అన్నాడు అమిల్కారే. వంటగదిలో రొట్టె ముక్కలు పాలలో నానబెట్టుకుంటున్నాడు. “కారు దొరికిందా?”

ఆమె కూర్చుంది. తీగను బల్ల మీద పెట్టింది.

అమిల్కారే చెంచా కింద పెట్టాడు. ఆ తీగ వైపు చూడలేదు. కిటికీలోంచి పెరటి వైపు చూశాడు, అక్కడ తీగ లేని ఖాళీ కనపడుతున్నట్టు.

“బఠాణీలకి,” అన్నాడు.

“పెద్దాయనా, నన్ను అడగనివ్వకండి. మీరే చెప్పండి.”

“ఏం చెప్పను?”

“కారు ఎప్పుడు పోయింది?”

అతను పాల గిన్నెను పక్కకి జరిపాడు. మొదలుపెట్టాక ఆగలేదు.

“డెబ్బై నాలుగో సంవత్సరం. పెట్రోలు కరువు. ఆదివారాలు కారు బయటికి తీస్తే జుల్మానా. నా బండి చూస్తే తాగుబోతు, చౌరస్తా దాకా వెళ్ళి రావాలంటే ఒక డబ్బా కావాలి. నాకు పని లేదు. వానలకి ఇంటి కప్పు కూలింది. షెడ్డుకి అప్పటికి ఇటుకల నేల కూడా లేదు. అలాంటి బండి అప్పుడు ఎవడిక్కావాలి? లోరిస్ వాళ్ళ నాన్న, నెల్సో, రేకు కొట్టేవాడు, నాకు ప్రాణస్నేహితుడు. జాలిపడి తీసుకున్నాడు. బదులుగా ఏమిచ్చాడో తెలుసా? ఒక పాత చిన్న కారు, ఒక పంది.” ఆగాడు. “నవ్వు. నవ్వొచ్చు. పంది కూడా బక్కది.”

ఒర్నెల్లా నవ్వలేదు.

“నా భార్య ఇరీదే ఆ డ్యాష్‌బోర్డు మీద పునీతుడి పతకం బిగించింది, ప్రమాదాలు కాకుండా. తనే చిల్లులు పొడిచింది. రెండూ వంకరే. బండి ఇచ్చేసే రోజు ఆ పతకం ఒక్కటి ఊడదీసుకున్నాను. ఆ చలికాలమే నెల్సో షెడ్డు అంటుకుంది. కారు లోపలే ఉంది, బూడిదైపోయిందన్నాడు. నా ముందు కూర్చుని ఎంత ఏడ్చాడో!”

“మరి తీగల చట్రం?”

“కంపెనీ మూసేసిన రోజు ఊరందరి ముందూ ఒట్టేశాను అమ్మాయ్. నేను బతికుండగా ఈ కారు ఊరు దాటదన్నాను. ఒక్క ఏడాది తిరగకుండా పందికి ఇచ్చేశానని ఎలా చెప్పను? నెల్సోనే అన్నాడు, నా దగ్గర దాని తీగల చట్రం ఉంది, మంటకి తీగ ఏమవుతుంది, దుప్పటి కప్పి పెట్టుకో, ఓ వారం పోయాక నెమ్మదిగా చెబుదువుగానిలే అని. వారం అన్నాం. తర్వాత ధరలు పెరగడం మొదలైంది. మొదట్లో నేను కారు అమ్ముకున్న మనిషిని, అంతే. దాని ధర లక్ష అయ్యేసరికి తెలివితక్కువవాణ్ణి. మిలియన్ అయ్యేసరికి వెర్రివాణ్ణి. నాలుగు మిలియన్లకి నన్ను ఏమంటారో, ఆ మాట నాకు తెలీదు. ధర పెరిగినప్పుడల్లా నోరు ఇంకాస్త మూసుకుపోయింది. మేయరేమో ఆదివారం దుప్పటి తీస్తానన్నాడు.”

“సిగ్గుపడి అబద్ధమాడారు, సరే. మధ్యలో లోరిస్ ఏం చేశాడు? అతని పేరెందుకు చెప్పారు?”

అమిల్కారే ఆమె కళ్ళలోకి చూశాడు. “నేను చెప్పలేదు.”

“నాతో అన్నారు.”

“ట్రక్కు చప్పుడు విన్నానన్నాను. ఏదో ఒకటి చెప్పాలిగా. ‘లోరిస్ ట్రక్కులాగా ఉందా?’ అని నువ్వడిగావు. నేను తలూపాను. పిరికివాణ్ణి, ఊపాను. కానీ పేరు తెచ్చింది నువ్వు అమ్మాయ్.”

నిన్నటి పొద్దుటి మాటలు ఒర్నెల్లాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిజమే. ఆ ఊళ్ళో కార్లు లాగే ట్రక్కు ఒక్కటే, అందుకని తొందరపడి పేరు నోటికి అందించింది. ముసలాయన తల ఊపితే దాన్ని సాక్ష్యం అనుకుని బార్‌కి పరుగెత్తింది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఏమనడానికీ నోరు లేకపోయింది.

“పదండి,” అంది. “నాతో చెప్పింది అక్కడ చెప్పాలి.”

“టై కట్టుకుంటాను,” అన్నాడు అమిల్కారే.

జీపు బార్ ముందు నుంచి వెళ్ళింది. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ముసలాయన్ని చూసి లేచి నిలబడ్డారు. కారు పోగొట్టుకున్న మనిషి కదా అని టోపీలు తీశారు. అమిల్కారే సీట్లో కిందికి జారిపోయాడు. ఒర్నెల్లా కూడా ఆ వైపు చూడలేదు. అద్దాల వెనక కౌంటర్ దగ్గర ఎవరుంటారో ఆమెకు తెలుసు.

*

ఇంకా పదకొండున్నరే. మలగోది నడవాలో ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలో సంతకం పెట్టిన కాగితం.

“ఒప్పుకున్నాడు!”

ఒర్నెల్లా ఆగిపోయింది. “ఏమని?”

“ఎత్తుకుపోయాడట. అమ్మడానికి భయమేసి ముక్కలు కోసి పో నదిలో పారేశాడట. నీకు గంటల తరబడి చెప్పనిది నాకు పావుగంటలో చెప్పాడు. నేర్చుకో.”

అమిల్కారే నడవాలోని చెక్కబెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. ఆ కాగితం తనకు ఏమిచ్చిందో అతనికి అర్థమైంది. నోరు మెదపకుండా ఇంటికి వెళ్ళిపోతే చాలు, చచ్చేదాకా టోపీలు తీస్తూనే ఉంటారు. ఒర్నెల్లాకీ అర్థమైంది. ఆమె ఏమీ అనకుండా అతని వైపు చూసింది.

“అబద్ధం,” అన్నాడు అమిల్కారే. మళ్ళీ గట్టిగా అన్నాడు, “వాడు చెప్పింది అబద్ధం. కారు లేదు. నలభై ఏళ్ళుగా లేదు.”

ఒర్నెల్లా తీగను మలగోది చేతిలో పెట్టింది. నూనె మరక లేని నేల గురించి, చదరపు గుర్తుల గురించి, దుప్పటి లోపలి తుప్పు గళ్ళ గురించి పొడిపొడిగా చెప్పింది. వింటున్నకొద్దీ కెప్టెన్ మెడ ఎర్రబడుతూ వచ్చింది.

“ఇప్పుడా చెప్పేది? కారు నదిలో ఉందని టీవీ వాళ్ళకి చెప్పేశాను! గజ ఈతగాళ్ళను పిలిపించాను!”

“అయితే సిగ్గుపడటానికి నాకు మీరు తోడున్నారు.”

“ఈ ముసలాణ్ణి లోపల వెయ్యి. తప్పుడు ఫిర్యాదు.”

“వేస్తాను. ముందు నేను తప్పుగా వేసిన బేడీ తీయనివ్వండి.”

ఆమె గదిలోకి వెళ్ళింది. మలగోది వెనకే వచ్చి చేతిలోని తీగను బల్ల మీద పడేశాడు. తలుపు సగమే మూసుకుంది.

“చెయ్యి ఇటివ్వు లోరిస్. నన్ను...” క్షమించమనే మాట ఇక్కడ కాదు, బార్‌లో అనాలని తోచి ఆగింది. “కారు లేదని తెలిసింది. దుప్పటి కింద ఉన్నది తీగలు. నువ్వు ఇంటికెళ్ళొచ్చు.”

లోరిస్ చేతులు వెనక్కి లాక్కున్నాడు. “వద్దు.”

“వద్దంటావేమిటి?”

“సంతకం పెట్టాను. అలాగే ఉండనీ. పెద్దాయన్ని వదిలెయ్యండి.”

“నీకు ముందే తెలుసు, తీగలని.”

“మా నాన్న అల్లిన తీగలు. నాకు తెలియకపోవడమేమిటి?”

“మరి ఎందుకు ఒప్పుకున్నావు? ఆయన పరువు కోసమా?”

లోరిస్ నవ్వబోయి మానేశాడు. “నేనంత మంచివాణ్ణి కాదు ఒర్నెల్లా. లేని కారుకి దొంగనవడం తేలికనిపించింది.”

“దేనికంటే తేలిక?”

అతను కెప్టెన్ వైపు తిరిగాడు. “వేలానికి ఎందుకెళ్ళావని ఇందాకట్నుంచీ నన్ను చంపుకుతింటున్నారు కదా. డ్యాష్‌బోర్డు చూడటానికి వెళ్ళాను. అక్కడ రెండు చిల్లులుంటాయని నాకు తెలుసు. ఉన్నాయి. వంకరగా.”

బేడీ తీయబోతున్న తాళంచెవి ఆమె చేతిలోనే ఆగిపోయింది. ఇరీదే పొడిచిన చిల్లుల సంగతి ఒర్నెల్లా విని గంట కూడా కాలేదు.

“అర్థం కాలేదు,” అన్నాడు మలగోది.

“నాలుగు మిలియన్లకి అమ్ముడుపోయింది రెండో కారు కాదు, ఆయన కారే. షెడ్డు కాలినప్పుడు అది లోపల లేదు. అప్పటికే స్విట్జర్లాండు వాడొకడు తీసుకుపోయాడు. మా నాన్న పంది ఇచ్చి కొన్న దాన్ని ఆ వారమే పదింతలకి అమ్మేశాడు. తర్వాత స్నేహితుడి మొహం చూడలేక షెడ్డుకి నిప్పు తనే పెట్టాడు. అగ్గిపెట్టె అందించింది నేను. పన్నెండేళ్ళవాణ్ణి, ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు నేను పనిచేసుకుంటున్న గ్యారేజీ ఆ డబ్బుతో కట్టిందే. నాన్న పోయేముందు ఒక్కటే అడిగాడు. ఆయన బతికుండగా తెలియనివ్వకురా అని. మీరు తవ్వితే తెలిసిపోతుంది. దొంగనైతే నేనొక్కణ్ణే దొంగని. లేకపోతే...”

బయట బెంచీ కిర్రుమంది.

అమిల్కారే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఎవరికీ తెలియదు.

“ఆ మంట ఆర్పడానికి నేను బకెట్లతో నీళ్ళు మోశాను,” అన్నాడు. “మీ నాన్న భుజం మీద చెయ్యేసి ఏడవకురా నెల్సో అన్నాను. ఏళ్ళ తరబడి అన్నాను. వాడి శవపేటిక మోసిన నలుగురిలో నేనొకణ్ణి.”

లోరిస్ తల ఇంకా కిందికి దిగింది. ఒర్నెల్లాకి ఆ గదిలో ఎక్కడ చూడాలో తెలియలేదు.

ముసలాయన వచ్చి కుర్చీ లాక్కుని లోరిస్ ఎదురుగా కూర్చున్నాడు. అతని గొంతులో కోపం కోసం ఎదురుచూస్తున్న ముగ్గురికీ అది వినిపించలేదు.

“అయితే అది కాలిపోలేదన్నమాట.”

“లేదు.”

“నడుస్తోందా?”

“నడుస్తోంది. నేనక్కడ ఉండగానే స్టార్ట్ చేశారు. ఒక్క దెబ్బకి అందుకుంది.”

“చిల్లులు పూడ్చెయ్యలేదా?”

“పూడ్చలేదు. అవి కూడా పాతవేనట, అలాగే ఉంచారు.”

అమిల్కారే కోటు లోపలి జేబులోంచి చిన్న పతకం తీశాడు. దానికి అంటుకుని రెండు మరచీలలు ఇంకా ఉన్నాయి. తీగ పక్కన బల్ల మీద పెట్టి, వేలితో సరిచేశాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచనట్టుంది.

బయట టీవీ వాళ్ళు కెప్టెన్ పేరు పెట్టి పిలుస్తున్నారు. మలగోది కదల్లేదు.

“పన్నెండింటికి బార్ నిండుగా ఉంటుంది,” అన్నాడు అమిల్కారే లేస్తూ. టై ముడి బిగించుకున్నాడు. “నలుగురం వెళ్దాం. చెప్పాల్సింది నలుగురికీ ఉంది. ముందెవరు చెబుతారు?”

కెప్టెన్ తన బూట్ల వైపు చూశాడు. లోరిస్ బల్ల మీది పతకం వైపు చూశాడు.

“నేను,” అంది ఒర్నెల్లా. తాళంచెవి జేబులో వేసుకుంది. “బేడీ అక్కడే తీస్తాను. నీ కూతురు చూస్తుండగా.”